శివాలిక్ కొండల దిగువన బుల్బుల్: రెడ్ వెంటెడ్ × హిమాలయన్ సంకరమేనా?

#1 వాగుగట్టు

5 ఫొటోలు పెడుతున్నాను. శివాలిక్ కొండల దిగువన వాగు పక్క పొదలు, ఎత్తు సుమారు 700 మీటర్లు, ఫిబ్రవరి రెండో వారం, ఉదయం ఎనిమిది దాటాక. గుంపులో రెడ్ వెంటెడ్ బుల్బుళ్లు (మన పిగిలిపిట్టలే) ఐదారు, హిమాలయన్ బుల్బుళ్లు రెండు ఉన్నాయి. ఇది వాటితోనే తిరుగుతోంది.

తల నలుపే గానీ నడినెత్తి నుంచి వెనక్కి గోధుమ ఛాయ ఉంది. పిలక రెడ్ వెంటెడ్‌కి ఉండేదానికన్నా పొడవు, కొస కాస్త ముందుకు తిరిగింది. చెంప మీద మురికి తెలుపు మచ్చ, అంచులు చెదిరినట్టున్నాయి. రొమ్ము మీద పొలుసుల్లాంటి అంచులు ఉన్నాయి, పలచగా. తోక కింద నారింజ రంగు.

దీన్ని హైబ్రిడ్ అనొచ్చా? అనాలంటే ఇంకేం చూడాలి?

#2 తోకతెలుపు

మంచి పిట్ట. కానీ ముందు మూడు సంగతులు చెప్పండి.

ఒకటి, రంప్. అంటే తోక మొదలు పైభాగం. రెడ్ వెంటెడ్‌కి అక్కడ తెల్లటి పట్టీ ఉంటుంది, ఎగిరేటప్పుడు దూరం నుంచే తెలుస్తుంది. హిమాలయన్‌కి ఆ తెలుపు ఉండదు, వీపు రంగే తోక దాకా సాగుతుంది. ఈ రెండు జాతుల మధ్య అన్నింటికన్నా నమ్మదగిన తేడా ఇదే, జనం అన్నింటికన్నా తక్కువ ఫొటో తీసేదీ ఇదే. మీ నాలుగో ఫ్రేమ్‌లో రెక్క సందులోంచి ఏదో పాలిపోయినట్టు కనిపిస్తోంది. క్రాప్ చెయ్యకుండా పెట్టండి.

రెండు, నోటి మూలలు. పసుపుగా, కండగా ఉబ్బి ఉన్నాయా?

మూడు, అదే వెలుగులో అదే కొమ్మ మీద మామూలు రెడ్ వెంటెడ్ ఉన్న ఫ్రేమ్ ఉందా? నారింజ నిజంగా నారింజేనా, కెమెరా చేసిన నారింజా అన్నది దాంతో తేలుతుంది.

తోక చివరి తెలుపు గురించి ఎవరూ తలబాదుకోవద్దు. రెండు జాతులకీ ఉంటుంది, ఇక్కడ అది ఎందుకూ పనికిరాదు. మొత్తం పొడవు కూడా అంతే, రెండూ 20 సెంటీమీటర్ల చుట్టుపక్కలే.

#3 కొమ్మచివర

మూడో ప్రశ్నకి కాస్త వివరణ, ఎందుకంటే బుల్బుల్ వెంట్ (తోక మొదలు కింది భాగం) రంగు మీద తప్పుడు హైబ్రిడ్లు ఇక్కడే పుడతాయి.

ముదురు ఎరుపు మీద ఎండ నేరుగా పడితే సెన్సర్‌లో రెడ్ చానెల్ ముందే నిండిపోతుంది. ఆ పైన వెలుగు పెరిగేకొద్దీ ఆకుపచ్చ చానెల్ ఒక్కటే పెరుగుతుంది. ఎరుపులో ఆకుపచ్చ కలిస్తే తెర మీద నారింజ, ఇంకా పెరిగితే పసుపు. అంటే ఓవర్‌ఎక్స్‌పోజ్ అయిన అచ్చమైన రెడ్ వెంటెడ్ కూడా ఫొటోలో నారింజ వెంట్‌తో కనిపించగలదు. ఫైల్ తెరిచి హిస్టోగ్రామ్‌లో (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్) మూడు చానెళ్లూ విడివిడిగా చూడండి. రెడ్ కుడి గోడకి ఆనుకుని ఉంటే ఆ ఫ్రేమ్‌ని రంగు కోసం పక్కన పెట్టేయాలి.

రెండో మోసం కింది నుంచి వచ్చే వెలుగు. వాగు గట్టున లేత ఇసుక ఉంటే ఎండ దాని మీద పడి పిట్ట పొట్ట కిందికి పసుపుగా తిరిగొస్తుంది. ఆకుల మధ్య ఉంటే పచ్చగా వస్తుంది. వెంట్ ఉన్నది సరిగ్గా ఆ వెలుగు తగిలే చోటే. ఆటో వైట్ బ్యాలెన్స్ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మారిపోతుంది కాబట్టి దాన్ని డేలైట్‌లో కట్టిపడేసి, రా (RAW) ఫైల్ తీసుకుని, ఎక్స్‌పోజర్ −0.7 దగ్గర పెట్టుకోవడం ఈ పనికి మంచిది. నీడలు తరవాత లేపుకోవచ్చు, పోయిన ఎరుపు తిరిగి రాదు.

#4 వాగుగట్టు

రెండో ఫ్రేమ్ ఒరిజినల్, నాలుగోది క్రాప్ లేకుండా పెట్టాను.

రెండో దాంట్లో ఎడమ పక్క కూర్చున్నది మామూలు రెడ్ వెంటెడ్. రెండూ ఒకే నీడలో ఉన్నాయి, నేరు ఎండ లేదు, రెడ్ చానెల్ నిండలేదు. దాని వెంట్ కుంకుమ ఎరుపు, దీనిది పండిన నారింజ. నోటి మూలలు నల్లగా, మామూలుగా ఉన్నాయి. రంప్ నాలుగో ఫ్రేమ్‌లో సగమే పడింది, తెలుపు అనలేను, వీపంత ముదురూ కాదు.

#5 నిదానం

నా అనుమానం: తడిసిన పిలకతో ఉన్న హిమాలయన్ కాదా? చెంప తెలుపు ఉంది కదా. హైబ్రిడ్ అనే ముందు మామూలు పిట్టని కాదనాలి.

#6 తోకతెలుపు

హిమాలయన్ అయితే చెంప తెలుపు శుభ్రంగా, పెద్దగా ఉంటుంది, వెనక నల్లటి చంద్రవంక అంచు ఉంటుంది, రొమ్ము మీద పొలుసులు ఉండవు, నెత్తీ పిలకా గోధుమ రంగు, వెంట్ పసుపు. పిలక తడిస్తే పొట్టిగా కనిపిస్తుందేమో గానీ నల్లబడదు. ఈ పిట్ట నుదురు, కళ్ల చుట్టూ నలుపు. తడి సిద్ధాంతం ఒక్క పిలకకే సరిపోతుంది.

కానీ మీ సూత్రం సరైనదే. సంకరం అనేది చివరి పేరు, మొదటి పేరు కాదు. వరసగా కొట్టేద్దాం.

పిల్ల పక్షి: బుల్బుల్ పిల్లల్లో వెంట్ రంగు పాలిపోయి ఉంటుంది, నారింజ-గులాబి దాకా వస్తుంది. రెడ్ విస్కర్డ్ బుల్బుల్ పిల్లలకైతే చెంప మీద ఎరుపు కూడా ఉండదు, అందుకే వానాకాలంలో ఇలాంటి ప్రశ్నలు వెల్లువలా వస్తాయి. పిల్లని పట్టించేవి వదులుగా, దూదిలా ఉండే ఈకలు (ముఖ్యంగా వెంట్ దగ్గర), నోటి మూలల పసుపు, పొట్టి పిలక. ఇక్కడ పిలక పొడవైంది, మూలలు నల్లవి, నెల ఫిబ్రవరి. కొట్టేయొచ్చు.

పుప్పొడి: ఇది నవ్వులాటగా అనిపిస్తుంది గానీ కాదు. కొండల దిగువన బూరుగు పూసే కాలం మొదలవుతోంది, బుల్బుళ్లు పూలలో తల దూర్చి తాగుతాయి, ముఖం మీద పసుపుతెలుపు పొడి పేరుకుంటుంది. ఆ మచ్చ ముక్కు మొదలు, గడ్డం దగ్గర ఎక్కువ ఉంటుంది, చెంప వెనక్కి వెళ్లేకొద్దీ పలచబడుతుంది, రెండు పక్కలా ఒకేలా ఉండదు. మీ మొదటి, ఐదో ఫ్రేముల్లో రెండు చెంపలూ కనిపిస్తున్నాయి. మచ్చ రెండు వైపులా ఒకే చోట, ముక్కు మొదలు మాత్రం శుభ్రంగా నల్లగా. పుప్పొడి కాదు.

లూసిజం గురించి ఎగిరేఈక రాస్తే బాగుంటుంది.

#7 ఎగిరేఈక

రాస్తాను, ఎందుకంటే ఈ పిట్ట కేసు నిలబడేది అక్కడే.

ఈకల్లో నలుపు, గోధుమ మెలనిన్ వల్ల. ఎరుపు, నారింజ, పసుపు ఎక్కువ పిట్టల్లో కెరోటినాయిడ్ల వల్ల. మెలనిన్‌ని పిట్ట ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. కెరోటినాయిడ్లు తిండిలోంచి రావాలి, సాధారణంగా పసుపు రూపంలో వస్తాయి, వాటిని ఎరుపుగా మార్చడానికి ఎంజైమ్ కావాలి. ఆ మార్పుకి CYP2J19 అనే జన్యువు కారణమని 2016లో జీబ్రా ఫించ్, ఎర్ర కెనరీల మీద తేలింది. (ఎర్ర కెనరీ రంగు కూడా రెడ్ సిస్కిన్‌తో సంకరం చేసి తెచ్చుకున్నదే.)

లూసిజం అంటే మెలనిన్ లేని ఈకలు. నల్ల చెంప తెల్లబడవచ్చు, కానీ కెరోటినాయిడ్ దాంతో పోదు. చెంప తెల్లబడ్డ లూసిస్టిక్ రెడ్ వెంటెడ్ అయితే వెంట్ ఎర్రగానే ఉండాలి. తిరగేసి చూస్తే, ఎరుపు మార్పిడి దెబ్బతిన్న పిట్టకి వెంట్ నారింజగానో పసుపుగానో ఉంటుంది, చెంప మాత్రం నల్లగానే ఉంటుంది. ఇక్కడ రెండూ మారాయి. పైగా మూడోది, పిలక పొడవు, ఆకారం. అది రంగే కాదు, ఈక పెరిగే తీరు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు దారుల్లో తేడా, మూడూ ఒకే జాతి వైపు. ఒకే పిట్టలో మూడు వేర్వేరు ప్రమాదాలు జరిగాయనడం కన్నా ఒక్క హిమాలయన్ తల్లో తండ్రో ఉందనడం తేలిక.

ఒక్క లక్షణం మీద సంకరం అంటే నేను ఒప్పుకోను. వేర్వేరు మూలాలున్న రెండు మూడు లక్షణాలుంటే వింటాను.

#8 నిదానం

సరే, కానీ "తిండి" సంగతి వదిలేశారు. నారింజ తిండి వల్ల కావచ్చు కదా?

#9 ఎగిరేఈక

కావచ్చు. దీనికి చాలా మంచి ఉదాహరణ పాటపిట్టల్లో కాదు, వడ్రంగిపిట్టల్లో ఉంది. ఉత్తర అమెరికా నార్తర్న్ ఫ్లికర్‌లో తూర్పు రకానికి రెక్క ఈకల కింద పసుపు, పడమటి రకానికి ఎరుపు. రెండూ కలిసే చోట సంకరాలు మామూలే. కానీ పడమటి రకం దరిదాపుల్లో లేని తూర్పు ప్రాంతంలో కూడా కొన్ని పసుపు పిట్టలకి అక్కడక్కడ ఎర్ర ఈకలు కనిపించేవి. అవి పడమటి జన్యువులేనని చాలాకాలం అనుకున్నారు. ఆ ఈకల్లో ఉన్నది రోడోజాంతిన్ అనే రంగని, అది బయటి నుంచి తెచ్చి పెంచిన హనీసకిల్ పళ్లలోంచి వచ్చిందని 2016లో తేలింది. సెడార్ వ్యాక్స్‌వింగ్ తోక చివరి పసుపు కొన్నింటిలో నారింజగా మారడానికి కూడా అదే రంగు కారణం.

తిండి వల్ల వచ్చిన తేడాని ఎలా పట్టుకోవాలంటే, ఆ ఈకలు పెరిగిన రోజుల్లో తిన్నదాన్ని బట్టి రంగు పడుతుంది కాబట్టి ఈక ఈకకీ తేడా ఉంటుంది, కొన్ని ఎరుపు కొన్ని నారింజగా గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. ఒకే చోట మేసే గుంపులో ఒకటి కన్నా ఎక్కువ పిట్టలకి ఉండే అవకాశం కూడా ఉంది. ఈ పిట్ట వెంట్ మొత్తం ఒకే నారింజ, పక్కనున్న అయిదారింటిదీ మామూలు ఎరుపే.

#10 చిట్టిముక్కు

పసుపు వెంట్, తెల్ల చెంప వైట్ ఇయర్డ్ బుల్బుల్‌కి కూడా ఉంటాయి కదా. రెండో పేరెంట్ అదెందుకు కాకూడదు?

#11 తోకతెలుపు

ఈ దారంలో ఇంతవరకు వచ్చిన వాటిలో మంచి ప్రశ్న.

జవాబు పిలకలో ఉంది. వైట్ ఇయర్డ్‌కి పిలక లేదు, తల గుండ్రంగా ఉంటుంది. రెడ్ వెంటెడ్‌ది పొట్టి పిలక. ఈ రెంటికీ పుట్టినదానికి పిలక రెడ్ వెంటెడ్ కన్నా తక్కువే ఉండాలి. ఈ పిట్టకి ఎక్కువుంది. తల్లిదండ్రులిద్దరి హద్దులూ దాటిపోయే లక్షణం సంకరాల్లో అసలు రాదని కాదు, కానీ తలపెట్టవలసిన మొదటి లెక్క అది కాదు. పొడవైన పిలక ఇవ్వగలిగింది హిమాలయనే.

ఇంకోటి కంటి చుట్టూ వలయం. వైట్ ఇయర్డ్‌కి పాలిపోయిన చర్మపు వలయం ఉంటుంది. మీ పిట్ట కంటి చుట్టూ అంతా నలుపు. చోటు కూడా చూడాలి. వైట్ ఇయర్డ్ ప్రధానంగా వాయవ్యపు పొడి మైదానాలది. చోటుని సాక్ష్యంగా కాక, ఏది ముందు అనుమానించాలో చెప్పే సూచనగా మాత్రమే వాడండి.

రెడ్ వెంటెడ్ × హిమాలయన్ కొత్త సంగతేం కాదు. రెడ్ వెంటెడ్‌లో హుమాయుని అనే పొడి ప్రాంతపు ఉపజాతికీ హిమాలయన్‌కీ పుట్టిన పిట్టల్ని ఒకప్పుడు మాగ్రాతి అనే పేరుతో వేరే ఉపజాతిగా వర్ణించారు. వాటి గుర్తులుగా రాసినవి పాలిపోయిన రంప్, పసుపు-నారింజ లేదా గులాబి వెంట్. వాగుగట్టు గారి నాలుగో ఫ్రేమ్‌లో సగం రంప్ చూశాక నాకు ముందు గుర్తొచ్చింది అదే. మ్యూజియంలో పెట్టెలో ఉన్న చర్మాలు చూసేవాళ్లకే సంకరం కొత్త రూపంలా అనిపిస్తే, పొదలో కదిలే పిట్ట మీద మనం తొందరపడకపోవడం మంచిది.

ఉపజాతుల సంగతి కూడా ఇక్కడే. పడమటి హిమాలయాల ఇంటర్మీడియస్‌కి తల నలుపు నడిరొమ్ము దాకా దిగుతుంది. మధ్య, తూర్పు హిమాలయాల, గంగా మైదానపు బెంగాలెన్సిస్‌కి కింది భాగంలో పొలుసులు ఉండవు, పొట్ట మీద ముదురు చారలుంటాయి. అందుకే "పొలుసులు పలచగా ఉన్నాయి, హిమాలయన్ రక్తం" అని ఒక్క మాటలో తేల్చొద్దు. అదే గుంపులో ఉన్న మామూలు రెడ్ వెంటెడ్‌తోనే పోల్చాలి, పుస్తకంలో బొమ్మతో కాదు. రెండో ఫ్రేమ్‌లో ఆ పని చెయ్యొచ్చు, చేస్తే తేడా ఉంది.

#12 గూటిలెక్క

లక్షణాలకి అంకెలు వేస్తే వాదన తగ్గుతుంది. రెడ్ వెంటెడ్‌లా ఉంటే 0, మధ్యస్తంగా ఉంటే 1, హిమాలయన్‌లా ఉంటే 2. ఆరు లక్షణాలు: పిలక, నెత్తి రంగు, చెంప, రొమ్ము పొలుసులు, రంప్, వెంట్. చెంప తెలుపునీ దాని వెనక నల్ల అంచునీ విడివిడిగా లెక్కపెట్టొద్దు, రెండూ ఒకే నమూనాలో భాగాలు, ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది.

అంకెలు ఇద్దరు వేర్వేరుగా, ఒకరిది ఒకరు చూడకుండా వెయ్యాలి. నేనూ తోకతెలుపు గారూ అలాగే వేశాం. పిలక 1, నెత్తి 1, చెంప 1, పొలుసులు 1, వెంట్ 1. రంప్ ఇద్దరం ఖాళీ వదిలాం. చెంప దగ్గర ఆయన 1, నేను ముందు 2 వేసి, చెదిరిన అంచు చూసి 1కి దిగాను.

మొత్తం కన్నా అంకెల తీరు ముఖ్యం. అన్నీ 1 ఉన్న పిట్టకీ, సగం 0 సగం 2 ఉన్న పిట్టకీ మొత్తం ఒకటే వస్తుంది. మొదటిది మొదటి తరం సంకరం, అంటే F1 అయ్యే అవకాశం ఎక్కువ. రెండోది తరవాతి తరాల్లో లక్షణాలు విడిపోయి కలిసినది కావచ్చు. ఒకే ఒక్క 1, మిగతావన్నీ 0 అయితే బ్యాక్‌క్రాస్ (సంకరం మళ్లీ పేరెంట్ జాతితో జతకడితే పుట్టినది) కావచ్చు, మామూలు తేడా కూడా కావచ్చు, దాన్ని పొదల్లో నిలబడి ఎవరూ తేల్చలేరు.

#13 ఎగిరేఈక

ఒక హెచ్చరిక. F1 అంటే అన్నింట్లో మధ్యస్తం అనేది బలమైన అంచనా, నియమం కాదు. ఉత్తర అమెరికా పాటపిట్టలైన గోల్డెన్ వింగ్డ్, బ్లూ వింగ్డ్ వార్బ్లర్ల సంకరాలే చూడండి. బ్రూస్టర్స్, లారెన్సెస్ అనే రెండు రూపాల్ని 1870లలో ప్రత్యేక జాతులనుకున్నారు. మొదటి తరం సాధారణంగా బ్రూస్టర్స్‌లా ఉంటుంది. గొంతు నలుపు అంతర్గత (రిసెసివ్) లక్షణం కాబట్టి మొదటి తరంలో పూర్తిగా మాయమవుతుంది, సగం నలుపు రాదు. పసుపు ఒళ్లూ నల్ల గొంతూ కలిసిన లారెన్సెస్ తరవాతి తరాల్లో తక్కువగా కనిపిస్తుంది. ఆ రెండు జాతుల జీనోములు పోల్చి చూస్తే గట్టి తేడాలు ఆరు చిన్న ప్రాంతాల్లోనే ఉన్నాయని 2016లో తేలింది, వాటిలో చాలావరకు ఈకల రంగు జన్యువుల దగ్గరే. అంటే పైకి అంత తేడాగా కనిపించేవి లోపల దాదాపు ఒకటే.

బుల్బుళ్లలో ఏ లక్షణం ఏ లక్షణాన్ని కప్పేస్తుందో లెక్కలోకి తీసుకోలేం కాబట్టి F1 అనే మాట రికార్డులో రాయకండి. "సంకరం" చాలు.

ఇంకోటి. పిట్టల్లో ఆడవే రెండు వేర్వేరు లింగ క్రోమోజోములు ఉన్నవి (ZW). జాతుల మధ్య సంకరంలో దెబ్బ ముందు అలాంటి లింగానికే తగులుతుంది, హాల్డేన్ నియమం అంటారు. పైడ్, కాలర్డ్ ఫ్లైక్యాచర్ల సంకరాల్లో ఆడవి గొడ్డువి. కాబట్టి సంకరం జతకట్టి గూడు పెట్టినా, పెట్టకపోయినా దానిమీద తేల్చేదేం లేదు.

#14 చిట్టిముక్కు

పాట రికార్డ్ చేస్తే తేలదా?

#15 పొదరిల్లు

రికార్డ్ చెయ్యండి, కానీ దాని మీద తీర్పు పెట్టకండి. పాటపిట్టలు పాటని విని నేర్చుకుంటాయి. పక్కింటి జాతి పాట నేర్చుకున్న అచ్చమైన పిట్టా ఉంటుంది, ఒకే పేరెంట్ పాట పాడే సంకరమూ ఉంటుంది. పైడ్ ఫ్లైక్యాచర్లు కాలర్డ్ పాట ముక్కలు కలిపి పాడతాయి, సంకరం కాకపోయినా. బ్లాక్ క్యాప్డ్, కరోలినా చికడీలు కలిసే చోట రెండు పాటలూ పాడే పిట్టలున్నాయి, వాటి పాటని బట్టి వంశం చెప్పబోతే బోల్తా పడతారు. 2018లో పెన్సిల్వేనియాలో దొరికిన మూడు జాతుల వార్బ్లర్ సంగతి ఇంకా బాగుంటుంది. తల్లి పైన చెప్పిన గోల్డెన్ వింగ్డ్–బ్లూ వింగ్డ్ సంకరం, తండ్రి చెస్ట్‌నట్ సైడెడ్. పాడింది చెస్ట్‌నట్ సైడెడ్‌లా.

పిలుపులు, అంటే హెచ్చరిక కూతలు, పాట కన్నా తక్కువగా నేర్చుకునేవి, వాటికి కాస్త విలువ ఎక్కువ. ఫోన్ చాలు. WAV, 48 కిలోహెర్ట్జ్, ఆటో గెయిన్ ఆపేసి, కనీసం రెండు నిమిషాలు ఆగకుండా. మొదట్లో నోటితో చెప్పండి: ఏ పిట్ట, ఏ కొమ్మ, పక్కన ఇంకేమున్నాయి. గుంపులో ఎవరు కూసిందో గుర్తులేని రికార్డింగ్ చెత్తతో సమానం. పాట వినిపించి పిలవకండి. గుంపు మొత్తం రెచ్చిపోతుంది, తరవాత అది పాడేది దాని మామూలు గొంతూ కాదు.

#16 కొమ్మచివర

మళ్లీ వెళ్తే ఈ ఫ్రేములు కావాలి. వరస కూడా ఇదే, ఎందుకంటే మొదటిది దొరికితే మిగతావి లేకపోయినా పని నడుస్తుంది.

ఎగిరే క్షణంలో వీపు వైపు నుంచి రంప్. షట్టర్ 1/2500, బర్స్ట్ మోడ్, పిట్ట కొమ్మ వదిలే ముందు తోక ఆడించి వంగుతుంది, అప్పుడే నొక్కడం మొదలుపెట్టండి. రెక్కలు సగం విప్పి కూర్చున్నా రంప్ కనిపిస్తుంది, ముఖ్యంగా నీళ్ల దగ్గర స్నానం చేసేటప్పుడు. వాగులో ఎక్కడ నీళ్లకి దిగుతున్నాయో చూసుకుని 15–20 మీటర్ల దూరంలో కదలకుండా కూర్చోవడం పొదల వెంట తిరగడం కన్నా మేలు.

తరవాత, తల సరిగ్గా పక్కనుంచి. పిలక పొడవుని ముక్కు పొడవుతో పోల్చాలి కాబట్టి కోణం వంకరగా ఉంటే లెక్క పోతుంది. పిలక లేపినప్పుడు, దించినప్పుడు రెండూ తీయండి. గాలి వెనకనుంచి వీస్తే ఏ బుల్బుల్ పిలకైనా ముందుకు వంగుతుంది. "కొస ముందుకు తిరిగింది" అన్న మాట ఒక్క ఫ్రేమ్ మీద నిలబడదు.

రెండు చెంపలూ, కింది నుంచి వెంట్, పక్కన పోలికకి మామూలు పిట్ట. ఫొటోలో షార్ప్‌నెస్, సాచురేషన్ ముట్టుకోకండి.

#17 నిదానం

ఫొటోని బట్టి పిట్టని గుర్తించే యాప్‌లో వేసి చూశారా ఎవరైనా?

#18 గూటిలెక్క

వేసినా ఏదో ఒక పేరెంట్ పేరు చెబుతుంది, తల కనిపించే ఫ్రేమ్‌కి ఒకటి, వెంట్ కనిపించే ఫ్రేమ్‌కి ఇంకొకటి. ఒకే పిట్ట ఫ్రేములకి రెండు వేర్వేరు జవాబులు రావడం అనుమానించడానికి కారణమే గానీ రుజువు కాదు.

డీఎన్‌ఏ అడిగేవాళ్ల కోసం ముందే చెబుతున్నాను. పిట్టని పట్టడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి, మనమెవరం వల తియ్యం. అనుమతి ఉన్న పరిశోధకులు చేసినా, బార్‌కోడింగ్‌కి (డీఎన్‌ఏ ముక్కతో జాతిని గుర్తించడానికి) వాడే COI జన్యువు మైటోకాండ్రియాలోది, తల్లి నుంచే వస్తుంది. అది చూస్తే తల్లి జాతి తెలుస్తుంది, సంకరం అన్న సంగతి తెలియదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కణకేంద్రకపు డీఎన్‌ఏ గుర్తులు, అంటే న్యూక్లియర్ మార్కర్లు కూడా కావాలి.

#19 వాగుగట్టు

కొత్తగా 7 ఫ్రేములు పెట్టాను, అదే వాగు, నీళ్ల దగ్గర. మూడో ఫ్రేమ్‌లో ఎగురుతూ వీపు పూర్తిగా పడింది. రంప్ మీద పాలిపోయిన బూడిద-గోధుమ పట్టీ. వెనక ఎగురుతున్న రెడ్ వెంటెడ్ రంప్ సుద్దలా తెల్లగా ఉంది, రెండూ ఒకే ఎండలో. పిలక పక్కనుంచి నాలుగు ఫ్రేముల్లో: లేపినప్పుడు ముక్కు కన్నా స్పష్టంగా పొడవు, గాలి లేదు, కొస ముందుకే. కంటి చుట్టూ వలయం లేదు.

#20 తోకతెలుపు

రంప్ 1. ఇంతకు ముందు అంకెలతో కలిపి 12కి 6, అన్నీ 1లే. ఆ మూడో ఫ్రేమ్ ఒక్కటే మొదటి 5 ఫ్రేముల మొత్తానికి సమానం. పాలిపోయిన రంప్‌ని పిల్ల, పుప్పొడి, తిండి ఏవీ ఇవ్వలేవు. లూసిజం అయితే తెలుపు పెంచాలి గానీ ఉన్న తెలుపుని ముదురు చెయ్యకూడదు.

#21 నిదానం

ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. తెల్లటి రంప్ మీద మెలనిన్ వచ్చి చేరడం, నల్లటి చెంప మీంచి మెలనిన్ పోవడం ఒకే పిట్టలో జరిగాయంటే రెండో పేరెంట్ ఉందనడమే తేలిక. "బహుశా సంకరం" అంటే ఒప్పుకుంటాను. "ఖాయంగా" అంటే ఒప్పుకోను. ఒకటి రెడ్ వెంటెడ్, ఒకటి హిమాలయన్ కలిసి ఒకే గూట్లో పిల్లలకి మేత పెడుతుండగా చూస్తే అప్పుడు ఖాయం అంటాను.

#22 గూటిలెక్క

పిట్టల రికార్డులు నమోదు చేసే ఈబర్డ్‌లో ఎక్కించేటప్పుడు ముందు ఆ జంటకి హైబ్రిడ్ ఎంట్రీ ఉందేమో "యాడ్ స్పీషీస్"లో రెండు పేర్లూ కొట్టి వెతకండి. హైబ్రిడ్ ఎంట్రీ వేరు, స్లాష్ ఎంట్రీ వేరు. స్లాష్ అంటే ఈ రెంటిలో ఏదో ఒకటి, ఏదో తేల్చుకోలేకపోయామని. సంకరాన్ని స్లాష్ కింద వేస్తే సమాచారం తప్పుదారి పడుతుంది. హైబ్రిడ్ ఎంట్రీ కనపడకపోతే "బుల్బుల్ ఎస్పీ." కింద వేసి అసలు సంగతి వ్యాఖ్యలో రాయండి. ఐనాచురలిస్ట్‌లో కూడా గుణకార గుర్తుతో ఉన్న పేరు దొరికితేనే వాడండి, లేకపోతే ప్రజాతి దగ్గర ఆగండి.

వ్యాఖ్యలో తీర్పు కాదు, చూసినది రాయాలి. ఇలా: "పిలక నలుపు-గోధుమ, లేపితే ముక్కు కన్నా పొడవు, కొస ముందుకు. రెండు చెంపల మీదా అంచు చెదిరిన మురికి తెలుపు. రొమ్ము పొలుసులు గుంపులోని రెడ్ వెంటెడ్ కన్నా పలచన. రంప్ పాలిపోయిన బూడిద-గోధుమ, అదే ఎండలో రెడ్ వెంటెడ్‌ది తెలుపు. వెంట్ అంతటా ఒకే నారింజ, రెడ్ చానెల్ నిండలేదు. కంటి వలయం లేదు. నోటి మూలలు నలుపు. పిల్ల, లూసిజం, పుప్పొడి, వైట్ ఇయర్డ్ పరిశీలించి తోసిపుచ్చాం." రివ్యూ చేసేవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ దీంట్లో తీరిపోతాయి.

గుంపులోని మామూలు పిట్టల సంఖ్య విడిగా వెయ్యండి, రెండు జాతులూ అక్కడ ఉన్నాయని తెలియడం కూడా ఈ రికార్డులో భాగమే.

#23 తోకతెలుపు

గూళ్ల కాలంలో మళ్లీ చూడటం కుదిరితే ఇది దేనితో తిరుగుతోందో మాత్రం రాయండి. గూడు దొరికితే దగ్గరికి వెళ్లకండి, బుల్బుల్ గూళ్లు పొదల్లో తక్కువ ఎత్తులో ఉంటాయి, మనం తొక్కిన దారి వెంటే పిల్లీ ముంగిసా వస్తాయి. 30 మీటర్ల దూరం నుంచి స్కోపులో మేత తెచ్చే పిట్ట తల కనిపిస్తే సరిపోతుంది.

#24 వాగుగట్టు

"బహుశా సంకరం" అనే వేస్తున్నాను, 3, 5, 7 ఫ్రేములు మాత్రమే జతచేసి. ఒరిజినల్ రా ఫైళ్లు విడిగా దాచాను, ఎవరికైనా కావాలంటే ఇక్కడే అడగండి.